రెండో జవాబు

సుష్మితకు లెక్కలొస్తాయంటే నాకు ఒళ్లు మండేది. గద్వాలలో చీరలు నేసే ఇంటి పిల్ల. నేనేమో అయిజ నుంచి బస్సెక్కి, దారి పొడుగునా ఫార్ములాలు నమిలి మింగితే తప్ప పాసయ్యేదాన్ని కాదు. ఆమె బోర్డు మీది వృత్తాన్ని కాసేపు చూసి జవాబు చెప్పేసేది.

సైన్ ఎక్స్ అర అయితే ఎక్స్ ఎంత అని రామచంద్రయ్య సార్ అడిగిన రోజు, క్లాసంతా ముప్పై అని ఊరుకుంది. సుష్మిత లేచి నూటయాభై కూడా ఉందంది. సైన్ అంటే ఎత్తే కదా, వృత్తంలో కుడివైపు చుక్క ఎంత ఎత్తులో ఉంటే ఎడమవైపూ అంతే ఎత్తులో ఇంకోటి ఉంటుందట.

"చీరకు రెండంచులున్నట్టే సార్. ఈ అంచుకు ఏ పువ్వేస్తే ఆ అంచుకూ గదే ఎయ్యాలె," అంది. సార్ మురిసిపోయాడు. నేను ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

మా కాలేజీ నుంచి ఒక్కరిని హైదరాబాదులో ఉచిత కోచింగ్‌కు పంపుతామన్నారు. దానికొక పరీక్ష. సీటు రాకపోతే చదువు మాని మగ్గం గుంతలో కూర్చుని చీరలు నేయాలని సుష్మిత వాళ్ల నాయిన తేల్చి చెప్పేశాడు. నాకు రాకపోయినా మా నాయిన డబ్బు కట్టి పంపేవాడు. అయినా నాకు ఆ సీటే కావాలి.

కాస్ పాఠం చెప్పిన రోజు సుష్మిత రాలేదు. ఇంట్లో మగ్గానికి కొత్త పడుగు దారాలు ముడివేసే పని పడింది. పరీక్ష రోజు పొద్దున కాలేజీ గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

"తేజూ, కాస్‌కు గూడ కుడిఎడమ చూడాల్నా? నాకైతే పైనా కిందా అనిపిస్తుంది."

"కుడిఎడమనే. సార్ రెండుసార్లు చెప్పిండు," అన్నాను నవ్వుతూ.

ఆమె నా చెయ్యి నొక్కి లోపలికి పోయింది. నమ్మి చెడినవాళ్లు లేరంటారు. సుష్మిత చెడింది.

ఒక్క మార్కు తేడాతో సీటు నాకొచ్చింది. సార్ పేపర్లు పంచుతూ ఆమె పేపరు దగ్గర ఆగిపోయాడు. కాస్ ఎక్స్ అర అన్న లెక్కకు అరవై, మూడువందలు అని రాసి, మూడువందలు కొట్టేసి నూటఇరవై వేసింది.

"చేతికొచ్చిన జవాబు కొట్టేసుకున్నవు. ఎవరు చెప్పిన్రు నీకు?" అని సార్ అరిచాడు.

సుష్మిత నా వైపు చూసింది. తర్వాత తల దించుకుని, "ఎవరు చెప్పలె సార్. నాకే తెల్వలె," అంది.

సార్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి ఆమెకు చెప్పమన్నాడు. నేను బాగా చెప్పాను. కాస్ అంటే పక్కకు ఎంత దూరమో అది అన్నాను. కుడివైపు అర దూరంలో నిలువు గీత గీశాను. అది వృత్తాన్ని పైన అరవై దగ్గర, కింద మూడువందల దగ్గర తాకింది. నూటఇరవై ఎడమవైపు పడుతుంది, అక్కడ కాస్ మైనస్ అర అని కూడా చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు.

సోమవారం నుంచి ఆమె మగ్గం గుంతలో ఉంటుందని క్లాసంతటికీ తెలుసు. ఆమెకిక ఏ పరీక్షా లేదు. అయినా నోటుబుక్కు తెరిచి, స్కేలు పెట్టి ఆ గీత గీసుకుంటోంది.

"తేజూ, జర పక్కకు జరుగు. మూడువందలు కనిపిస్తలేదు," అంది.

జరిగాను. మూడువందల దగ్గరి చుక్కను ఆమెకు కనిపించేలా సుద్దముక్కతో మళ్లీ దిద్దాను.