పెద్దాపురం వెళ్ళిన రేడియో

కుక్కుటేశ్వరరావు గారు పోయాక ఆయన వాల్వు రేడియో చిన్నకూతురు ప్రసన్నలక్ష్మికి వెళ్ళింది. పెద్దకూతురు కన్యకకు అది మింగుడుపడలేదు. పిఠాపురంలో కిరాణా కొట్టు కట్టేసి వచ్చాక తండ్రి ఆ రేడియో విప్పి శుభ్రం చేస్తుంటే, పక్కన కూర్చుని ముందు టార్చి, తర్వాత కుంచె పట్టుకున్నది తనే. చెల్లెలికి స్టేషన్ తిప్పడం కూడా సరిగా రాదు. అయినా "నాకు కావాలి" అని అడిగి తీసుకుంది. కన్యక అడగలేదు. అడక్కుండానే ఇస్తారనుకుంది.

రెండు వేల ఒకటిలో మరిడమ్మ జాతరకని తనుండే నిడదవోలు నుంచి పెద్దాపురం వెళ్ళినప్పుడు, చెల్లెలింటి హాల్లో టీవీ పక్కన రేడియో కనిపించింది. దాని మీద ప్లాస్టిక్ పువ్వుల కుండీ పెట్టారు. చుట్టాలు చుట్టూ చేరి మెచ్చుకుంటున్నారు.

"మా మావగారిదండి. ఇవాళ పాడించి చూపిస్తాను," అన్నాడు మరిది నిరంజన్, వైరు దులుపుతూ.

ఏళ్ళ తరబడి వాడని సెట్టుకు ఒక్కసారిగా కరెంటిస్తే లోపలి పాత కండెన్సర్లు పేలతాయని, కరెంటు ఒక్కసారి ఎక్కకుండా ముందు ఒక బల్బును సీరీస్‌లో పెట్టి చూడాలని కన్యకకు తెలుసు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. అంతలో చెల్లెలు పట్టుచీర కొంగుతో పెట్టె తుడుస్తూ, "నాన్నకి ఇదంటే ప్రాణమండి," అని ఎవరికో చెబుతోంది.

కన్యక చేతిలోని కాఫీ తాగింది.

నిరంజన్ స్విచ్ వేశాడు. పెట్టెలోంచి గుయ్యిమని మోత, వెనకనుంచి పొగ, మాడు వాసన. అప్పుడు కన్యక గ్లాసు వదిలేసి పరుగున వెళ్ళి ప్లగ్గు లాగేసింది. ప్రసన్నలక్ష్మి కంగారుగా వెనక అట్ట తప్పించి చెయ్యి పెట్టబోయింది. కన్యక ఆమె మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోకే. ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలవుంటుంది. ప్రాణం తీస్తుంది."

"ఇంక పాడైపోయినట్టే కదండీ వదినగారూ. మీకు పనికొస్తే తీసుకెళ్ళండి," అన్నాడు నిరంజన్.

అలా దక్కింది కన్యకకు. ట్యాక్సీలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంటుంటే దారి పొడుగునా మాడు వాసన వస్తూనే ఉంది.

వరండాలో బల్ల మీద పెట్టి విప్పింది. తండ్రి చేసినట్టే, రెసిస్టర్ కట్టిన తీగతో కండెన్సర్లలో మిగిలిన కరెంటు దించేసి, మీటరు సున్నా చూపించాక గానీ చెయ్యి పెట్టలేదు. తడిగుడ్డ దగ్గరికి రానివ్వకుండా మెత్తని కుంచెతో దుమ్ము దులిపింది. వాల్వుల మీద అచ్చు చెరిగిపోకుండా, అక్షరాలున్న చోటు వదిలేసి గాజు తుడిచింది. పాత కండెన్సర్లు తీసేసి, రాజమండ్రి నుంచి తెప్పించిన కొత్తవి అతికించింది. అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్ కాలలేదు. సీరీస్ బల్బు ఒకసారి వెలిగి మెల్లగా మసకబారాక, లోపల షార్టు లేదని తేలి, ధైర్యం చేసి నేరుగా కరెంటిచ్చింది. వాల్వులు వేడెక్కాయి. విజయవాడ స్టేషన్ పలికింది.

కబురు తెలిసి ప్రసన్నలక్ష్మి నిడదవోలు వచ్చింది. కాసేపు వార్తలు విన్నది.

"కాలిపోతుందని ఆ రోజు నీకు తెలుసు కదా అక్కా."

కన్యక తల దించుకుంది. "తెలుసు."

"నీ మొహం చూశాను. ఏంటో అనుకున్నాను అప్పుడు."

"చెప్పాలనే అనుకున్నానే. నువ్వు నాన్న గురించి అలా అంటుంటే ఒళ్ళు మండింది."

"నన్నెప్పుడూ గుమ్మం దగ్గరే నిలబెట్టేవారు నాన్న. చిన్నదానివి, షాక్ కొడుతుందనేవారు. పెద్దయ్యాక కూడా అంతే. మీ ఇద్దరి వీపులూ చూస్తూ నిలబడేదాన్ని. అందుకే అడిగి తీసుకున్నాను."

ఆ రోజుల్లో ఒక్కసారైనా గుమ్మం వైపు చూసినట్టు కన్యకకు జ్ఞాపకం రాలేదు. లేచి రేడియో కట్టేసి, ప్లగ్గు తీసింది. వాల్వులు చల్లారాక కరెంటు ఎలా దించాలో చూపించి, చెల్లెలి చేతికి కుంచె ఇచ్చింది. ప్రసన్నలక్ష్మి గట్టిగా దులిపింది. వేలు తగిలి ఒక వాల్వు మీద అక్షరం చెరిగింది. కన్యక పళ్ళు బిగబట్టింది గానీ కుంచె లాక్కోలేదు.

సాయంత్రం రేడియో చెల్లెలి కారెక్కింది. అది మలుపు తిరిగేదాకా కన్యక వీధిలోనే నిలబడింది. మనసులో కుళ్ళు పూర్తిగా పోలేదు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది.

"కిటికీ పక్కన పెట్టకే. వాన జల్లు కొడుతుంది."