రేకుల యల్లమంద మనవరాలు

ధనుంజయరావు నోటి దూల సంగతి రాజుపాలెం చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. మాజీ ప్రెసిడెంటు. పదవి పోయి పుష్కరం దాటినా, మనుషులకి పేర్లు పెట్టే అధికారం మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. ఐజాజ్ టీ కొట్టు బల్ల మీద కూచుని ఒక మాట అన్నాడంటే పొద్దుగూకేలోపు అది ఊరంతా పాకాల్సిందే. ఎండయినా వానయినా గొడుగు వదలని హనుమయ్య గొడుగు హనుమయ్య అయింది అట్లాగే. జనం పడీపడీ నవ్వేవాళ్ళు. మన ఇంటిదాకా రానంతవరకూ ఎవరికి మాత్రం సరదాగా ఉండదు చెప్పండి!

పంతొమ్మిదేళ్ళ కిందట, ఆయన ప్రెసిడెంటుగా ఉన్నప్పుడే, బళ్ళో వంటపాక కోసం తెప్పించిన సిమెంటు రేకులు పన్నెండు, తెల్లారేసరికి మాయమైనయ్. అక్కడ పని చేస్తున్న తాపీమేస్త్రి యల్లమంద. "ఇంకెవరు, మన రేకుల యల్లమందే!" అన్నాడు ధనుంజయరావు టీ ఊదుకుంటా. అంతే. పంచాయితీ లేదు, సాక్షి లేడు, పేరు పడిపోయింది. పాపం అతను అట్లాంటోడు కాదే అని ఎవరన్నా నసిగితే, నిప్పు లేందే పొగొస్తదా అన్నారు. ఆ తర్వాత ఊళ్ళో ఇల్లు కట్టమని అతన్ని పిలిచిన పాపాన పోలేదు ఎవరూ. నడికుడి పోయి, పిడుగురాళ్ళ పోయి పని చేసుకుని పిల్లల్ని సాక్కున్నాడు.

రెండు నెలలకి ధనుంజయరావు తన గొడ్ల కొట్టంలో తేనెపట్టు పట్టిందంటే చూద్దామని నిచ్చెనెక్కాడు. నెత్తి మీద రేకు అడుగున ఎర్ర రంగుతో బడి పేరు! పక్క రేకు మీదా అదే. బావమరిది నరసింహారావు నరసరావుపేటలో చవగ్గా దొరికినయ్ అని తెచ్చి బిగించిన రేకులవి. ఎలక్షన్లు ఇంక నెల్లాళ్ళే ఉన్నయ్. తేలు కుట్టిన దొంగలా కిందికి దిగాడు. ఎలక్షన్లు అయినాక చెబుదామనుకున్నాడు. గెలిచినాక, ఇప్పుడెందుకులే అనుకున్నాడు. అట్లా అనుకుంటానే ఇన్నేళ్ళూ గడిపాడు, పెద్దమనిషి!

మొన్న బళ్ళో సైన్స్ ఫెయిర్‌కి ఆయన్నే ముఖ్య అతిథిగా పిలిచారు. మెడలో దండతో ఒక్కో బల్లా చూసుకుంటా వచ్చి, తొమ్మిదో తరగతి పిల్ల ఉష దగ్గర ఆగాడు. యల్లమంద మనవరాలు. బంకమట్టితో ఏదో జంతువుని చేసి, డబ్బా రేకు కత్తిరించి దాని వీపు మీద పలకలు నిలబెట్టింది.

"ఇదేందమ్మా, ముళ్ళపందా?"

"కాదు సార్, స్టెగోసారస్. డైనోసార్. ఒంటి మీద ఇంత కవచం ఉన్నా ఎవర్నీ తినదు. ఆకూ అలమూ తిని బతికేది."

"ఆ పేరుకి అర్థమేంది?" పేర్లంటే ఆయనకి ఎక్కడలేని హుషారు.

"ఇంటికప్పు బల్లి అని సార్, గ్రీకులో. నూటయాభై ఏళ్ళ కింద అమెరికాలో దీని ఎముకలు దొరికితే, ఈ పలకలు ఇంటి మీద పెంకుల్లాగా వీపు మీద పరుచుకుని ఉండేవనుకున్నాడు ఒక శాస్త్రవేత్త. ఆ పేరు పెట్టేశాడు. తర్వాత చూస్తే పలకలు ఇట్లా నిలబడి ఉన్నాయి. కప్పూ లేదు, పాడూ లేదు."

"మరి పేరు మార్చలేదా?"

"మార్చరు సార్. ముందు పెట్టిన పేరే ఖాయం, అది వాళ్ళ రూలు. కాకపోతే దాచిపెట్టరు. పేరు పెట్టినాయన పొరపడ్డాడని పుస్తకాల్లో రాస్తారు."

ఆ పిల్ల మనసులో ఏమీ లేదు, నేర్చుకున్న పాఠం చెప్పింది. ధనుంజయరావుకి మాత్రం చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అంతలో వెనకనుంచి ఎరువుల కొట్టు విజయ్ కుమార్ కేకేశాడు. "రేకులు మాత్రం బాగానే దొరికినయ్యే అమ్మాయ్! తాత తెచ్చాడా?"

అందరూ గొల్లుమన్నారు. ఉష తల దించుకుంది. ధనుంజయరావు పెదాలు కూడా అలవాటు కొద్దీ నవ్వబోయినయ్. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది ఆయనకి.

చివర్లో బహుమతులు. మొదటి బహుమతి సర్టిఫికెట్ ఆయన చేతికిచ్చి మైకు ముందు నిలబెట్టింది సైన్స్ టీచర్ సుప్రజ. ఊరికి కొత్త. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. గుండ్రటి అక్షరాలతో ముచ్చటగా రాసుంది: రేకుల ఉష.

"ఇదేందమ్మా ఇట్లా రాశావు?" అన్నాడు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి.

"రిజిస్టర్‌లో ఉత్త ఉష అనే ఉంది సార్. ఊరంతా రేకులోళ్ళ పిల్ల అంటుంటే ఇంటిపేరనుకున్నా. కాదా? మరి అసలు ఇంటిపేరేంటి సార్?"

ఊళ్ళో మూడు తరాల చుట్టరికాలు చెప్పగలిగిన ధనుంజయరావుకి ఆ ఇంటిపేరు గుర్తు రాలేదు. ఎన్నడన్నా తెలుసుకుంటేగా గుర్తు రావటానికి! సిగ్గుతో చెవులు కాలినయ్. మైకు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఆ రేకులు యల్లమంద తియ్యలా. నా కొట్టం మీదున్నయ్," అన్నాడు.

జనం విరగబడి నవ్వారు. ప్రెసిడెంటు గారు మళ్ళీ మొదలెట్టాడ్రా అని ఈల కూడా వేశాడొకడు.

"నవ్వమాకండ్రా!" ఆయన గొంతు కీచుగా వచ్చింది. "నిజం. తెచ్చింది మా బావమరిది. నాకు తెలిసి పంతొమ్మిదేళ్ళు. ఓట్లు పోతాయని నోరు మూసుకున్నా. రేపొచ్చి చూసుకోండి, బడి పేరు ఇంకా ఉంది."

నవ్వులు ఒక్కటొక్కటే ఆగిపోయినయ్. మనవరాలి కోసం వచ్చిన యల్లమంద వెనక బెంచీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఉందయ్యా. నేను చూశా," అన్నాడు. "పదేళ్ళ కింద గాలివానకి రేకులు లేస్తే, మీరు ఊళ్ళో లేరు, మీ ఇంటావిడ సుబ్బరత్నమ్మ గారు నన్నే పిలిపించింది. మళ్ళీ బిగించింది నేనే."

"మరి అప్పుడే చెప్పలేదేందిరా?"

"రేకుల యల్లమంద చెప్తే ఎవరు నమ్ముతారయ్యా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ధనుంజయరావుకి తల కొట్టేసినట్టయింది. సుప్రజ దగ్గర పెన్ను తీసుకుని, సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, ఆ మొదటి మాట కొట్టేశాడు.

"మీ ఇంటిపేరేంది యల్లమందా? నాకు తెలియదు."

యల్లమంద మనవరాలి వైపు చూశాడు.

"బత్తుల," అంది ఉష, మైకు లేకుండానే అందరికీ వినపడేటట్టు.