మింగేసిన మాటల మైకు

పొద్దున్నే స్టూడియో షట్టర్ ఎత్తగానే కెమెరామన్ చేసే మొదటి పని మైకు బిగించడం. మైకు మాటలందుకునే రిసీవర్‌ని కెమెరా నెత్తిమీది గాడిలోకి తోసి బిగిస్తాడు, దాని వైరు కెమెరాలో గుచ్చుతాడు. రిసీవర్లోనూ మైకులోనూ కొత్త బ్యాటరీలు వేసి, ఒకే ఛానెల్ మీద ఉన్నాయో లేదో చూస్తాడు. మాట్లాడేవాళ్ళ చొక్కాకి, గడ్డానికి జానెడు కింద, చిన్న క్లిప్పు మైకు తగిలిస్తాడు. ఆఖర్న హెడ్‌ఫోన్ పెట్టుకుని నాబ్ తిప్పుతూ గొంతు లెవెల్ పెడతాడు. రిసీవర్ మీద లైట్లుంటాయి. ఆకుపచ్చయితే సరే, ఎరుపు వెలిగితే గొంతు పగిలిపోతున్నట్టు లెక్క. ఆయన వాటివంక చూడనే చూడడు. "ఇరవై ఏళ్ళ చెవి ఇది. దీనికి లైటొచ్చి పాఠం చెప్పాలా?" అంటాడు.

ఆ మైకుకి ఒక గుణం ఉంది. నోటితో అన్నవే కాదు, అనబోయి మింగేసిన మాటల్ని కూడా పట్టేస్తుంది. ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రిటైరైన హెడ్‌మాస్టరు వీడ్కోలు సభలో "మిమ్మల్నెవర్నీ మర్చిపోలేను" అన్న వెంటనే "అమ్మయ్య, పీడ వదిలింది" అని కూడా వస్తే, ఎడిటింగులో కోసి పారేశారు, అంతే. గుట్టు దాచుకోవాలనుకునేవాళ్ళు మైకు ఉన్నంతసేపూ మనసులో ఎక్కాలు చదువుకుంటారు.

మూడు నెలలుగా ఆయన్ని ఒక అనుమానం తొలిచేస్తోంది. తను పెట్టిన లెవెల్, మంచినీళ్ళు తాగి వచ్చేసరికి తగ్గి ఉంటోంది. నాబ్ ముట్టుకునేది ఇంకెవరు, తన దగ్గర పనిచేసే బావమరిది తప్ప? మధ్యాహ్నం కాగానే వాడు కెమెరాలోని మెమరీ కార్డు జేబులో వేసుకుని ఎదురు స్టూడియోలోకి దూరుతున్నాడు. అడిగితే "ఇక్కడే బావా, అలా వెళ్ళొచ్చా" అంటాడు. ఇంట్లోనేమో వంటింటి గుమ్మంలో అక్కాతమ్ముళ్ళు గుసగుసలాడుతుంటారు, ఆయన కనబడగానే నోళ్ళు మూసేస్తారు. ఆ మాటకొస్తే కిరాణా కొట్టాయన కూడా ఈమధ్య గొణుగుతున్నాడు. లోకమంతా కూడబలుక్కుని గొంతు తగ్గించేసినట్టుంది.

'తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నాడు. నా పని పాడుచేసి, గిరాకీని ఎదురు స్టూడియోకి లాక్కుపోతాడు' అని ఆయన తీర్మానించేసుకున్నాడు. షట్టర్‌కి కొత్త తాళం కొని సొరుగులో పెట్టాడు. ఇవాళ తేల్చేసి, సాయంత్రానికి వాణ్ణి బయటికి పంపి, ఆ తాళం వేసేయాలని.

ఆ రోజు రొట్టెల షాపు ప్రకటన తీయాలి. షాపాయన ఇంకా రాలేదు.

"ఇలా రా, మైకు పెట్టుకో. లెవెల్ చూడాలి."

బావమరిది మొహం పాలిపోయింది. దగ్గరికొచ్చి, గొంతు పెంచి అన్నాడు. "ఆయన్ని రానీ బావా, తొందరేముంది?"

"ఏం, గొంతులో ఏమన్నా దాచావా?"

వాడు క్లిప్పు తగిలించుకుని వెళ్ళి అవతల గోడ దగ్గర నిలబడ్డాడు. పెదాలు కదల్లేదు. హెడ్‌ఫోన్‌లో మాత్రం గంట కొట్టినట్టు వినపడింది. 'పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవైయారు...'

దొరికాడు దొంగ! ఏ పాపం ఎరగనివాడికి ఎక్కాలతో ఏం పని?

ఆయన కాచుకుని కూర్చున్నాడు. పెళ్ళైన కొత్తలో, నిక్కర్ల వయసులో వాడికి లెక్కలు చెప్పింది ఆయనే. పదమూడో ఎక్కం ఏడో మెట్టు దగ్గర వాడు ఎప్పుడూ తట్టుకు పడతాడని ఆయనకి తెలుసు.

'...పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది, పదమూడు ఏళ్ళు... ఏళ్ళు...'

పడ్డాడు. ఆ సందులోంచి మాటలు జారాయి.

'బావకి వినికిడి పోతోంది దేవుడా. లెవెల్ అంతకంతకీ పెంచేస్తున్నాడు. నేను చూడనప్పుడు తీసిందంతా పగిలిపోతోంది. ఎదురు స్టూడియో వాడి కాళ్ళావేళ్ళా పడి, రోజూ వాడి ఎడిటింగ్ మిషన్ మీద బాగుచేసుకొస్తున్నా. చెబితే కెమెరా దించేసి మంచమెక్కుతాడని అక్క ఒట్టేయించుకుంది. ఎన్నాళ్ళు దాచను?... ఆఁ, తొంభై ఒకటి! పదమూడు ఎనిమిదులు నూట నాలుగు...'

కెమెరామన్ చెయ్యి నాబ్ మీద ఆగిపోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి రిసీవర్ వంక చూశాడు. ఎరుపు. ఒక్కటి కూడా ఆకుపచ్చ లేదు.

హెడ్‌ఫోన్ తీశాడు. అవతల గోడ దగ్గర బావమరిది నోరు కదులుతోంది. "సరిపోయిందా బావా?" అని కాబోలు. ఒక్క ముక్క వినపడలేదు. కిరాణా కొట్టాయన గొణగడం లేదు, వంటింట్లో కుట్రా లేదు. ఆయన సిగ్గుతో కుంచించుకుపోయాడు. సొరుగులో ఆ తాళం! ఛీ, తను లెక్కలు నేర్పినవాడికి ఎంత పని చేయబోయాడు!

ఏదో ఒకటి అనాలి. కానీ పెద్దవాడు చిన్నవాడితో 'తప్పైపోయింది' అన్న మాట ఎలా అంటాడు?

లేచి వెళ్ళి వాడి చొక్కాకున్న క్లిప్పు తీశాడు. తన చొక్కాకి, గడ్డానికి జానెడు కింద, తగిలించుకున్నాడు. వాణ్ణి భుజం పట్టి తెచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ వాడి తలకి పెట్టాడు. తర్వాత ఎదురుగా నిలబడి నోరు మూసుకున్నాడు. ఎక్కాలు మాత్రం చదవలేదు.

వాడు వింటున్నాడు. మొదట కనుబొమలు ముడిపడ్డాయి. ఒకసారి సొరుగు వంక చూశాడు. తర్వాత కళ్ళు నిండిపోయాయి. చాలాసేపటికి మోచేత్తో మొహం తుడుచుకుని, చెయ్యి చాపి నాబ్ కొంచెం తగ్గించాడు.

"మెల్లగా అనుకో బావా," అన్నాడు, పెదాలు బాగా కనబడేట్టు. "ఎర్ర లైటు వెలుగుతోంది."

ఆయన ఆ నాబ్ మళ్ళీ ముట్టుకోలేదు. లెవెల్ చూసే ఆ కుర్చీ మళ్ళీ అడగలేదు కూడా.