నూనె రాయని వారం

"తలకి చమురు లేదేంటే దుర్గా? మనింట్లో ఎవరన్నా పోయేరా?" అంది అప్పాయమ్మ, బియ్యం కడుగుతున్న కోడలి నెత్తిమీద అరచెయ్యి పెట్టి చూస్తూ.

"ఎవరూ పోలేదత్తయ్యా. డాక్టరమ్మగారు వద్దన్నారు. వారం రోజులు తలకి నూనె వద్దు, మొహానికి పసుపు వద్దు, పౌడరు వద్దు."

"ఇన్ని కొబ్బరికాయలు దిగే కోనసీమలో ఉండి నూనె మానడమేంటే, విడ్డూరం కాకపోతే!"

సత్యదుర్గకి నవ్వొచ్చింది. అత్తగారికి తెలియదు కానీ, ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ నూనె వాడింది తనే. పన్నెండేళ్లుగా ఎడమ పక్క జుట్టులోంచి ఒక పాయ తీసి, బుగ్గ మీదుగా దువ్వి, చెవి కింద పిన్నుతో నొక్కేది. ఆ పాయ కదలకుండా అతుక్కుని ఉండాలంటే నూనె బాగా దట్టించాలి. దాని కింద చెవి నుంచి దవడ దాకా కాలిన మచ్చ. రాజమండ్రి డాక్టరమ్మ ఆ పాయని పెన్నుతో పక్కకి తొలగించి, "మచ్చ సంగతి నేను చూసుకుంటాను. ముందు ఈ నూనె, ఈ జుట్టు దీని మీంచి తియ్యండి. మొటిమలున్న చర్మం మీద నేను కత్తి పెట్టను," అంది. జాగ్రత్తలన్నీ చీటీ మీద రాసిచ్చింది. జుట్టు వెనక్కి లాగి కట్టాలి. ముందురోజు షాంపూతో తలంటుకోవాలి. ఆ రాత్రీ, మర్నాడు పొద్దున్నా మందుసబ్బుతో మొహం, మెడ, చెవుల వెనకా కడుక్కోవాలి. కాటుక, బొట్టు, ముక్కుపుడక ఏవీ ఉండకూడదు. పసుపు కనిపించిందో, తిప్పి పంపేస్తుంది. ఆపరేషను వేసవి సెలవుల మొదటిరోజున. అది తప్పితే మళ్లీ తారీకు బడులు తెరిచాకే, అప్పుడు టీచరుద్యోగం చేసే దుర్గకి సెలవివ్వరు. మచ్చ పూర్తిగా పోదనీ, సన్నటి గీతలా మిగులుతుందనీ కూడా డాక్టరమ్మ ముందే చెప్పింది. దుర్గకి ఆ నిజాయితీ నచ్చింది.

"ఎలా కాలింది?" అని డాక్టరమ్మ అడిగినప్పుడు, పాత జవాబు నోట్లో సిద్ధంగానే ఉంది. నా అజాగ్రత్తేనండి. పెళ్లయిన రెండో ఏడు, ఇంటినిండా చుట్టాలున్న రోజు, పెద్ద గిన్నె వంచి గంజి వారుస్తోంది. అరుగు మీంచి మురళీమోహన్ "దుర్గా, టీ!" అని కేకేశాడు. వస్తున్నానంది. రెండోసారి గట్టిగా కేకేశాడు. గిన్నె మూత పట్టుకునే మొగుడి కేకకి తల తిప్పింది. మూత జారి, మరిగే గంజి బుగ్గ మీదికి చిమ్మింది. అత్తగారు పరుగెత్తుకొచ్చి బుగ్గ మీద చల్ల పోస్తోంటే, గుమ్మంలో నిలబడి అతనన్న మొదటి మాట, "కాస్త చూసుకోవద్దూ?" ఆ తర్వాత ఇంట్లో అందరిదీ అదే మాటయింది. పెళ్లిళ్లకి వెళ్తే "నువ్వా మూల కూచో," అనేవాడు. స్కూల్లో గ్రూపు ఫొటో తీసినప్పుడు హెడ్మాస్టరు శ్రీరామచంద్రమూర్తిగారు మహా మర్యాదగా, "దుర్గగారూ, తమరు చివర, కాస్త ఎడంపక్కకి తిరిగి నించోండమ్మా," అన్నారు. ఆమె నిలబడింది కూడా. ఇన్నేళ్లలో ఆ కేక సంగతి ఒక్కరూ ఎత్తలేదు. చిత్రమేమిటంటే దుర్గా ఎత్తలేదు. డాక్టరమ్మ ముందే మొదటిసారి నోటికొచ్చింది: "పిలిస్తే తిరిగేనండి." డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తి చూసింది.

ఆ వారమంతా నూనె లేని జుట్టుని రబ్బరుబ్యాండుతో వెనక్కి కట్టి, బుగ్గ బయటపెట్టే బడికెళ్లింది. మొదటిరోజు మూడో తరగతి గుమ్మం దగ్గర చెయ్యి అలవాటుగా బుగ్గ మీదికెళ్తే, దించుకుని లోపలికెళ్లింది. ముందు బెంచీలోని శారోన్ అడగనే అడిగింది.

"టీచర్, కాలిందాండీ? నొప్పెట్టిందాండీ?"

"అప్పుడు పెట్టింది. ఇప్పుడు లేదు. పదమూడో ఎక్కం చెప్పు."

"ఆయ్," అని పిల్ల ఎక్కం అందుకుంది. ఇంత చిన్న ప్రశ్నకి భయపడా ఇన్నాళ్లు దాచాను అనుకుంటే దుర్గకి తన మీద తనకే కోపం వచ్చింది. మధ్యాహ్నానికి ఆ కోపమూ పోయింది, తల తేలిగ్గా ఉంది.

మురళీమోహన్ మాత్రం పేపరు మీంచి తల ఎత్తకుండా, "ముప్ఫై అయిదేళ్లొచ్చేయి. ఇప్పుడెవరికి చూపించుకోడానికి?" అన్నాడు.

"నాకేనండి. రోజూ అద్దంలో చూసుకునేది నేనే కదా."

బయల్దేరే రోజు పొద్దున్నే మందుసబ్బుతో మొహం కడుక్కుని, బొట్టూ పుడకా తీసేసి వచ్చింది. తోడు వస్తానన్న సుగుణ, అదే బడిలో టీచరు, గేటు దగ్గర ఆటో ఆపించింది. రావులపాలెంలో రాజమండ్రి బస్సు పట్టుకోవాలి. ఇంతలో అప్పాయమ్మ దేవుడి గదిలోంచి వచ్చి, "మంచి పనికెళ్తున్నావు, బోసిమొహంతో గడప దాటకే," అంటూ రెండు చేతుల్తో కోడలి బుగ్గల నిండా పసుపు రాసేసింది.

ప్రేమతో చేసిన పనికి దుర్గ ఎలా కోప్పడుతుంది? అలాగని ఊరుకుంటే తారీకు పోతుంది. తిన్నగా కుళాయి దగ్గరికెళ్లి సబ్బు అందుకుంది.

"సుమంగళివి! పసుపు కడిగేసుకుంటావేంటే!"

"అత్తయ్యా, ఆ రోజు చల్ల పోసింది మీరే, నేనేం మర్చిపోలేదు. కానీ ఈ పసుపు చూస్తే వెనక్కి పంపేస్తారు. గాయం మానేక మీ చేత్తోనే రాయించుకుంటాను."

ముసలామె లోపలికెళ్లి ఉతికిన తువ్వాలు పట్టుకొచ్చింది. కోడలి మొహం అటూ ఇటూ తిప్పి చూసి, "చెవి వెనక ఇంకా ఉందే, రుద్దుకో," అంది.

దుర్గ మళ్లీ రుద్దుకుంది. తుడుచుకుని, జుట్టు బిగించి కట్టి, గేటు దాటింది. ఆటోలో కాలు పెట్టబోతోంటే అరుగు మీంచి కేక వినపడింది.

"దుర్గా, టీ!"

సుగుణ గభాలున వెనక్కి చూసింది. దుర్గ ఎక్కి కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. రెండోసారి కేక మరీ గట్టిగా వచ్చింది.

"టీపొడి స్టవ్వు పక్కన ఎర్రమూత డబ్బాలో ఉందండీ," అంది, తల తిప్పకుండా.