బావ ఫోన్‌లో నా గుండె

నాకు ఎలాంటి వాచీ కావాలో నాకు బాగా తెలుసు. ఎండలో అంకెలు కనిపించాలి. వానకు, చెమటకు చెడిపోకూడదు. ఉరకడం మొదలుపెట్టినప్పుడు ఒకసారి, ఆపినప్పుడు ఒకసారి నొక్కితే ఎంతసేపు పట్టిందో చెప్పాలి. అంతే. పోలీస్ భర్తీకి నాకింకా వయసు రాలేదు. ఈలోగా తాలూకా పోటీలకు ఎంపికైతే మంచిదని బడిలో ఆటల సర్ చెప్పారు. "నీ టైం నీకు తెల్వది. పక్కదాన్ని సూసి ఉరుకుతవ్. పక్కది ఆగితే నువ్వు గూడ ఆగుతవ్" అన్నారు. అది నిజమే.

వాచీ కావాలని బాపుతో చెప్పడానికి నాకు వారం పట్టింది. ఏ మాటైనా నా నోట అంత ఆలస్యంగానే వస్తుంది. బాపు వినగానే "గంతేనా" అని, వడ్లు అమ్మిన తర్వాత నన్ను సిరొంచ బస్టాండు దగ్గరి మొబైల్ దుకాణానికి తీసుకుపోయాడు. వాచీల గురించి తనకు తెలియదని నా మేనత్త కొడుకు అజయ్‌కుమార్‌ను కూడా రమ్మన్నాడు. అజయ్ బావకు ఫోన్ల గురించి అన్నీ తెలుసని మా ఇంట్లో అందరి నమ్మకం.

దుకాణం నడిపే వినయ్‌కుమార్ డబ్బాలు వరుసగా పెట్టాడు. "దీంట్ల గుండె కొట్టుకునుడు వస్తది, నిద్ర వస్తది, నడక వస్తది. ఆక్సిజన్ గూడ వస్తది" అన్నాడు.

"గడియారంల నుంచి ఆక్సిజన్ ఎట్ల వస్తదయ్యా?" అన్నాడు బాపు.

"రాదు మామా, ఎంతుందో సూపెడ్తది" అన్నాడు బావ.

"మరి టైం సూపెడ్తదా?"

రీచార్జి కోసం నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. నేనూ లోపల నవ్వుకున్నాను. అక్కడితో ఆ దుకాణంలో నవ్వు అయిపోయింది.

"ఇగ ఇది ఆడపిల్లలకని స్పెషల్" అని వినయ్‌కుమార్ ఒక గులాబీరంగు పట్టీ ఉన్నదాన్ని ఎత్తి చూపించాడు. బయట లారీ పోతోంది, అందుకని గొంతు పెంచాడు. "నెలనెలా వచ్చేది ఉంటది గద, అది ఎప్పుడొస్తదో ముందుగాల్నే చెప్తది!"

లారీ పోయింది. మాట మాత్రం అక్కడే ఉంది. రీచార్జివాళ్ళు నా వైపు చూశారు. బాపు గోడకు వేలాడదీసిన ఫోన్ కవర్లను చాలా శ్రద్ధగా చూడసాగాడు. బావ మాత్రం డబ్బా తీసుకుని వెనక రాసింది చదివాడు.

అద్దాల బీరువాలో కింద, అట్టకు గుచ్చిన నల్లటి వాచీ ఒకటి కనిపించింది. పెద్ద అంకెలు, పక్కన రెండు మీటలు. వేలితో చూపించాను.

"గది సిన్నపోరలది పిల్లా. ఈ కాలంల ఎవలన్న కడ్తరా?" అన్నాడు బావ. గులాబీ పట్టీదే ఇమ్మన్నాడు. దాన్ని ఫోనుకు కలపాలట. బాపుది మీటల ఫోను. అమ్మకు అదీ లేదు.

"నా ఫోన్‌కు కలుపుత తియ్యి మామా. ఇంటోణ్నే గద" అన్నాడు.

ఇంటికి రాగానే, వాచీ చూడటానికి వచ్చిన అరుంధతి అత్త పకపకా నవ్వింది. అత్త అంటే అజయ్ బావ వాళ్ళమ్మ. "ఇగ దీని గుండె మావోని ఫోన్ల కొట్టుకుంటది. పెండ్లి గాకముందే!" అంది. అమ్మ నవ్వింది. బాపు కూడా నవ్వాడు. బావ సిగ్గుపడుతున్నట్టు తల గోక్కున్నాడు. నాకు మాత్రం అన్నంలో పురుగు కనిపించినట్టయింది. అప్పటికే ముద్ద నోట్లో ఉంది.

ఆ వాచీకి వ్యవసాయం తెలియదు. నాట్లప్పుడు రోజంతా బురదలో వంగి ఉంటే, చాలాసేపటి నుంచి కూర్చున్నావు, లేచి నడువు అని చేతి మీద వణికేది. బట్టలు ఉతుకుతుంటే మాత్రం శభాష్, బాగా నడిచావు అనేది. నాతోపాటు నాట్లు వేసే ఆడవాళ్ళు దాన్ని చూసి నవ్వి నవ్వి నడుము పట్టుకునేవారు. అంతవరకైతే భరించేదాన్నే. నేను ఉరికిన టైం అది సరిగ్గానే చెప్పేది మరి. పక్కదాన్ని చూడటం మానేశాను. నా టైం తగ్గుతూ వచ్చింది. ఆ పాడు వాచీ నాకు అవసరమైంది, అదే నాకు మంట.

పొద్దున గోదావరి వంతెన వైపు ఉరకాలంటే చాయ్ హోటల్ ముందు నుంచి పోవాలి. బావ స్నేహితులతో అక్కడే కూర్చుంటాడు. వాచీ ఫోనుకు దూరంగా ఉన్నంతసేపు నా సంగతులన్నీ మింగి ఉంచుకుంటుంది. బావ ఫోను దగ్గరికి రాగానే అన్నీ కక్కేస్తుంది. నేను హోటల్ దాటుతుంటే ఫోను టింగుమనేది.

"వచ్చింది, వచ్చింది. సూడుండ్రి, ఎట్ల కొట్టుకుంటాందో!"

"నిన్ను సూసే గావచ్చు అజయన్నా!"

"రాత్రి సక్కగ పండుకోలేదు. ఏం యాది చేస్తాందో మా మరదలు."

ఉరికితే ఎవరి గుండె అయినా కొట్టుకుంటుంది. బర్రె ఉరికినా కొట్టుకుంటుంది. ఈ మాట అనాలని రోజూ అనుకునేదాన్ని. కానీ తల వంచుకుని దాటేదాన్ని. వెనక నుంచి చాయ్ జుర్రుకునే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడంటే ఇప్పటికీ నాకు రోత.

ఒకరోజు వాచీ కట్టకుండా పోయాను. సాయంత్రం బావ ఇంటికే వచ్చాడు. "ఏంది, ఇయ్యాల ఖాళీ వచ్చింది?" అన్నాడు, నేనేదో లెక్క అప్పజెప్పాల్సినట్టు. బాపు చిన్నబోయిన ముఖంతో "నచ్చలేదా బిడ్డా?" అని అడిగాడు. మళ్ళీ కట్టుకున్నాను.

అమ్మతో ఒకసారి "ఇది నాకొద్దమ్మా" అన్నాను.

"బాపు మురిపెంగ కొన్నడు. ఏమైందే?"

ఏమైందని చెప్పాలి? నన్నెవరూ తాకలేదు. తిట్టలేదు. అందరూ నవ్వుతున్నారు. రోత అనిపించడానికి కారణం అడిగితే నా దగ్గర చూపించడానికేమీ లేదు. "ఏం లేదు" అన్నాను.

మా ఇంట్లో ఆ మూడు రోజులు ఆడవాళ్ళు పక్క పంచలో కూర్చుంటారు. కంచం వేరు, చెంబు వేరు. ఇంటికి వచ్చినవాళ్ళకు చూడగానే తెలిసిపోతుంది. తెలిసినా ఎవరూ ఏమీ అనరు, చూపు తిప్పుకుంటారు. అక్కడ కూర్చోవడం నాకు సిగ్గే కానీ, ఆ చూపు తిప్పుకోవడంలో కాస్త మర్యాద ఉండేది. ఒకసారి నేను పంచలో ఉండగా బావ యూరియా సంచి దింపడానికి వచ్చాడు. నన్ను చూశాడు. చూపు తిప్పుకోలేదు. ఫోను తీసి ఏదో నొక్కుకున్నాడు. ఎవరికో మెసేజ్ పెడుతున్నాడనుకున్నాను.

శ్రావణంలో మా ఇంటి పోచమ్మ బోనం, బడి మైదానంలో తాలూకా ఎంపిక పరుగు ఒకే పొద్దున వచ్చాయి. బోనం ఎత్తేది అత్త. అమ్మ పొయ్యి మీద బోనం అన్నం వండుతోంది. కుండకు పసుపు రాసి, వేపమండలు కట్టి ఉంచారు. నేను గడప దగ్గర కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాను. బాపు నా నీళ్ళ సీసా నింపి పట్టుకుని నిలబడ్డాడు.

అత్త, బావ వచ్చారు. అత్త నన్ను చూసి వాకిట్లోనే ఆగిపోయింది.

"ఏయ్ జ్యోత్స్నా! గడప మీదికెల్లి లే. పంచల కూసో పో."

"ఎందుకత్తా?"

"ఎందుకంటవేందే? ఇయ్యాలటి సంది నువ్వు బయట. మావోని ఫోన్ల వచ్చింది."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. "ఏమే, నాకు చెప్పలేదేంది?"

కాదని తల ఊపాను.

"తల ఊపితే ఎట్ల? ఫోన్ అబద్ధమాడుతదా? సూపెట్టురా" అంది అత్త.

బావ ఫోను తిప్పి పట్టుకున్నాడు. ఆ రోజు తారీఖు చుట్టూ గులాబీరంగు సున్నా ఒకటి, దాని మీద నా పేరు. "పోయినసారి తారీఖు నేనే నింపిన అత్తా. పంచల కూసుంటే సూసిన గద. లెక్క తప్పది" అన్నాడు అమ్మతో. పొలానికి నీళ్ళు పెట్టి వచ్చినవాడు చెప్పినట్టు చెప్పాడు. నాకేదో మేలు చేసినట్టు.

ఆ రోజు యూరియా సంచి దింపి, నన్ను చూసి, నొక్కుకున్నది ఇదన్నమాట. అప్పటి నుంచి నేను హోటల్ ముందు ఉరికిన ప్రతి పొద్దూ ఈ సున్నా ఆ ఫోనులో ఉంది. ఆ ఫోను బల్ల మీద, చాయ్ గ్లాసుల మధ్య ఉంది.

"మరి పరుగు?" అన్నాడు బాపు మెల్లగా.

"ఏం పరుగన్నా? బోనం పోయే తొవ్వ, బడి తొవ్వ ఒక్కటే. ముట్టుతోని ఆ తొవ్వ తొక్కితే అమ్మవారు ఊకుంటదా? వచ్చే ఏడు ఉరుకుతది తియ్యి."

బాపు సీసాను అరుగు మీద పెట్టేశాడు. అమ్మ నా వైపు చూసింది, ఫోను వైపు చూసింది, కుండ వైపు చూసింది. "ఎందుకైనా మంచిది. జర కూసో బిడ్డా" అంది.

అత్త మీద కంటే నాకు అమ్మ మీద ఎక్కువ కోపం వచ్చింది. నా బట్టలు ఉతికే అమ్మ. నన్ను అడిగితే తెలిసిపోయేదానికి ఫోను ముఖం చూసింది.

మా ఇంట్లో మగవాళ్ళ ముందు ఆ మాట ఎవరూ అనరు. "బయట ఉంది" అంటారు, అంతే. బాపు ముందు, బావ ముందు నేను నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే పంచలో కూర్చోవాలి. మైదానంలో సర్ నా పేరు పిలుస్తారు, ఎవరూ పలకరు.

"నాకు రాలేదు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బాపు నేల చూశాడు.

"రాకుంటే వస్తది! పొద్దుగూకేదాక ఉన్నది గద" అంది అత్త.

లేచాను. వాచీ విప్పాను. వాకిట్లోకి దిగి అత్త చెయ్యి పట్టుకుని, గాజుల పైన ఆ గులాబీ పట్టీ బిగించి కట్టాను. అత్త బిత్తరపోయి చూస్తుండిపోయింది.

"అయితే నువ్వు కట్టుకో అత్తా. బోనమెత్తేది నువ్వే గద. నీది ఎప్పుడో గూడ బావనే సూస్తడు." బావ వైపు తిరిగాను. "నింపు బావా. మీ అమ్మది తారీఖు అడిగి నింపు."

"ఛీ!" అన్నాడు బావ. ముఖమంతా ముడుచుకుపోయింది. "ఏం మాటలే అవి? మా అమ్మే ఆమె!"

ఇన్నాళ్ళూ నాకు నోట రాని మాట ఆ 'ఛీ'నే. బావ నోట్లో నుంచి ఎంత సులువుగా వచ్చిందో!

అత్త జలగను పీకినట్టు వాచీని పీకి అరుగు మీద పడేసింది. బోనం అన్నం అడుగంటుతున్న వాసన వచ్చింది, అమ్మ కదల్లేదు. బాపు ఆ రోజు మొదటిసారి తల ఎత్తి బావను సూటిగా చూశాడు.

"అల్లుడా, గా ఫోన్ల నా బిడ్డ పేరు తీసెయ్యి. నా ముంగటనే తియ్యి."

"ఊకనే పెట్టిన మామా, మంచికే..."

"తియ్యి."

బావ నొక్కుతుంటే బాపు పక్కన నిలబడి చూశాడు. ఆయనకు అక్షరాలు పెద్దగా రావు. అయినా చివరిదాకా చూశాడు. తర్వాత నీళ్ళ సీసా తెచ్చి నా చేతికిచ్చి, "ఉరుకు" అన్నాడు.

అత్త గొణుగుతూనే ఉంది. నేను ఆ తొవ్వ మీదుగానే పోయాను. హోటల్ ముందు బావ స్నేహితులు కూర్చుని ఉన్నారు. ఏదీ టింగుమనలేదు. వాళ్ళు చాయ్ జుర్రుకున్నారు. నేను ఆ పక్క ఉమ్మేసి ముందుకు పోయాను.

మైదానంలో పక్కదాన్ని చూడలేదు. గీత దాటగానే, ఆయాసం తీరకముందే, "నా టైమెంత సర్?" అని అరిచినట్టు అడిగాను. సర్ ఆశ్చర్యపోయి, చేతిలోని స్టాప్‌వాచ్ నాకే చూపించారు. ఎంపికైనవాళ్ళ పేర్లలో నా పేరు చదివారు.

ఇంటికి వచ్చి బోరింగు దగ్గర కూర్చున్నాను. మణికట్టు చుట్టూ పట్టీ ఉన్నంతమేర చర్మం పాలిపోయి, చెమటకు నాని ఉంది. సబ్బు పెట్టి రుద్దాను. అమ్మ వచ్చి చాలాసేపు బోరింగు కొట్టింది.

"ఇంక రాలేదా?" అని మెల్లగా అడిగింది.

"రాలేదు. వస్తే నీకు చెప్త. నీకే చెప్త."

"ఊ" అంది అమ్మ, ఇంకా కొడుతూనే.

బాపు అరుగు మీద నుంచి ఆ గులాబీ వాచీని కర్రపుల్లతో ఎత్తి డబ్బాలో వేశాడు. "వాపస్ తీసుకుంటడో లేదో. గా నల్లదైతే సాలా బిడ్డా?" అని అడిగాడు.

"అదే సాలు బాపూ. దుకాణంకు మనిద్దరమే పోదాం."

మణికట్టు మీద మళ్ళీ సబ్బు పెట్టుకున్నాను.