మా సందును మేమే తవ్వుకున్నాం

"ముందు గది అమ్మేసుకోండి అవ్వా. ఒక్క మనిషికి అంత ఇల్లెందుకు?"

పన్నుల ఆఫీసు కిటికీ అవతల కూర్చున్న గుమాస్తా ఈ మాట అన్నప్పుడు నేను కాసిరా అవ్వ పక్కనే నిలబడి ఉన్నాను. అతను కసురుకోలేదు. కాస్త పక్కకు జరగమన్నంత తేలిగ్గా అన్నాడు. నలభై ఏళ్ళుగా అవ్వ ఆ ముందు గదిలోనే సోయా గింజలు నానేసి, ఉడకేసి, టేకాకుల్లో చుట్టి, పులియబెట్టి టెంపే అనే తిండి చేసి బజార్లో అమ్ముకుంటోంది. మొగుడు పోయినప్పుడు శవాన్ని పడుకోబెట్టిందీ ఆ గదిలోనే. అది పోతే అవ్వకు కూడు లేదు.

"ఒక్క ఏడాదిలో పన్ను నాలుగింతలు ఎలా అయింది బాబూ? నా ఇల్లేమన్నా పెరిగిందా?" అని అవ్వ అడిగింది.

గుమాస్తా ఫైలు తిరగేశాడు. "ఇల్లు కాదు, సందు పెరిగింది. నిరుటిదాకా మట్టిదారి. ఇప్పుడు రాళ్ళు పరిచిన దారి, ఎనిమిది దీపాలు, మూత వేసిన కాల్వ. దాంతో స్థలం తరగతి మారింది. మేం ఊహించి రాసింది కాదు. ఇదిగో, మీ సందు పెద్ద రాసిచ్చిన కాగితం."

కింద ఉన్న సంతకం నాది.

నా పేరు లాస్దీ. మా వైపు మగవాళ్ళను పాక్ అనీ, ఆడవాళ్ళను బు అనీ గౌరవంగా పిలుస్తారు. కెడుంగ్‌సారి ఊళ్ళో మెలాతి సందుకు పెద్దని. జీతం లేని పెద్దరికం. చావుకు కుర్చీలు తేవడం, పెళ్ళికి షామియానా కట్టించడం, ఏటా పన్ను చీటీలు ఇంటింటికీ పంచడం నా పని. నిరుడు ఆగస్టులో స్వాతంత్ర్య దినానికి అందమైన సందుల పోటీ పెట్టారు. అందరినీ ఎగదోసింది నేనే. వరసగా తొమ్మిది ఆదివారాలు సందంతా కలిసి పని చేశాం. ప్రభుత్వం తట్టెడు ఇసుక కూడా ఇవ్వలేదు. తాపీ మేస్త్రి గియాత్ నూలుతాడు కట్టి, రసమట్టం పెట్టి, ఒక్కో సిమెంటు రాయినీ పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పరిచాడు. లవంగం సిగరెట్లు చుట్టే ఫ్యాక్టరీలో కూలి చేసే రత్మీ, ఆడవాళ్ళను పోగేసి కర్రపెండలం వేయించి, టీలు కాచి పోసింది. అవ్వ డెబ్బై ఏళ్ళ వయసులో ఇసుక తట్ట వీపుకు కట్టుకుని మోసింది.

రెండో బహుమతిగా కప్పు వచ్చింది. మా జిల్లాను ఏలే బుపాతి దొర స్వయంగా నా చెయ్యి పట్టుకుని ఊపాడు. పోటీ దరఖాస్తులో సందు పొడవూ, దీపాలూ, కాల్వ మూతలూ ఒక్కటీ వదలకుండా గొప్పగా రాసి సంతకం పెట్టాను. ఎంత గాడిదనో చూడండి.

పన్నుల ఆఫీసు నుంచి వచ్చిన సాయంత్రమే కాపలా పాక ముందు చాపలు పరిచి అందరినీ పిలిచాను. జరిగింది దాచకుండా చెప్పాను.

"అంటే మన చెమట మీద పన్ను వేశారన్నమాట," అంది రత్మీ. "బాగుంది పాక్ లాస్దీ. కప్పు ఇచ్చారుగా, అందులో నీళ్ళు పోసుకు తాగు."

రిటైరైన బడిపంతులు దర్మాజీ గొంతు సవరించుకున్నాడు. "తిట్టుకుని ఏం లాభం బు రత్మీ? పద్ధతిగా అర్జీ పెట్టుకుందాం."

"పెట్టండి పంతులుగారూ. వాళ్ళు దాన్ని చదివేలోపు దళారి హర్తోనో అవ్వ ముందు గదిలో సెల్‌ఫోన్ల కొట్టు తెరుస్తాడు. వాడు ఇప్పటికే రెండుసార్లు వచ్చి గోడలు తట్టి చూసుకుపోయాడు."

అప్పటిదాకా ఒక మూల కూర్చున్న అవ్వ నోరు తెరిచింది. "రాళ్ళు వచ్చాకేగా ఇదంతా. తీసేద్దాం."

అందరూ గియాత్ వైపు చూశారు. అతను తల దించుకున్నాడు. "నా చేత్తో పరిచాను అవ్వా."

"నీ చేత్తోనే తియ్యి నాయనా. ఇంకొకళ్ళు తీస్తే పగలగొడతారు."

మళ్ళీ ఆదివారం వచ్చింది. అదే టీ, అదే కర్రపెండలం. కానీ ఒక్కరూ నవ్వలేదు. గియాత్ మొదటి రాయి కింద గునపం దూర్చి, ఎత్తలేక అలాగే నిలబడిపోయాడు. మనిషి భోరున ఏడ్చాడు. అతని పెళ్ళాం సుర్తీ వచ్చి గునపం మీద తన చెయ్యి కూడా వేసింది. అప్పుడు లేచింది రాయి. మధ్యాహ్నానికి సందు సందంతా బురద నేల అయింది. పక్క సందుల వాళ్ళు చూడ్డానికి వచ్చారు. వాళ్ళకూ ఇలాంటి చీటీలే వచ్చాయి, వాళ్ళూ మాలాగే పోటీ కోసం సింగారించుకున్నవాళ్ళే. కాసేపు చూసి, ఇళ్ళకు పోయి గునపాలు తెచ్చుకున్నారు.

సోమవారం పొద్దున తోపుడు బళ్ళ మీద, రిక్షాల మీద, వీపు తట్టల్లో రాళ్ళు మోసుకుని బుపాతి ఆఫీసుకు నడిచాం. ఫ్యాక్టరీ షిఫ్టు వదులుకుని రత్మీ తోటి కూలీలు రెండొందల మంది వచ్చారు. కాలేజీ పిల్లలూ వచ్చారు. గేటు ముందు రాళ్ళు దించుతుంటే ఒక అధికారి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారో తెలుస్తోందా? ఇది ప్రభుత్వ ఆస్తి. ధ్వంసం కేసవుతుంది."

రత్మీ అతని ముందుకు పోయి నిలబడింది. "పన్ను వేసేటప్పుడు ఇవి మా ఆస్తి. తీసేటప్పుడు మీ ఆస్తా? ఏదో ఒకటి చెప్పండి సారూ. మీవైతే మా పన్ను తియ్యండి. మావైతే మా ఇష్టం."

పోలీసులు వచ్చారు. గునపం గియాత్ చేతిలో ఉంది కాబట్టి గియాత్‌ను పట్టుకున్నారు. ఈడ్చుకుపోతుంటే అతను అరవలేదు. "రాళ్ళు జాగ్రత్తగా పేర్చండి, అంచులు విరుగుతాయి," అన్నాడు.

మూడో రోజు మండల అధికారి మా ఇంటికి వచ్చి, టీ తాగి, ఒక కాగితం బయటికి తీశాడు. గియాత్ ఒక్కడే జనాన్ని రెచ్చగొట్టాడని సందు పెద్దగా నేను సంతకం పెట్టాలి. పెడితే మెలాతి సందుకు పాత పన్నే.

"ముసలావిడ ఇల్లు నిలబడుతుంది పాక్ లాస్దీ," అన్నాడు మెత్తగా. "అతనికి ఏడాదికి మించి పడదు."

మళ్ళీ చాపలు పరిచాను. మీరు చదువుకున్నవాళ్ళు, అలాంటప్పుడు ఏం చేయాలో మీరే చెప్పండి. నాకు తోచలేదు.

"ఏడాది అంటే ఎంత? కళ్ళు మూసి తెరిచేలోపు వస్తాడు," అన్నాడు దర్మాజీ. "ఇల్లు పోతే మళ్ళీ రాదు."

"మీ కొడుకైతే ఈ మాట అంటారా పంతులుగారూ?" అంది రత్మీ.

"మరి అవ్వను రోడ్డు మీద పడేద్దామా? నువ్వే చెప్పు."

సుర్తీ మా మధ్యనే కూర్చుని ఉంది. కొంగు అంచు పళ్ళ మధ్య పెట్టుకుని వింటోంది. సందు రెండుగా చీలిపోయింది. ఒకరి పుట్టుపూర్వోత్తరాలు ఒకరు తవ్వుకునేదాకా వెళ్ళారు. రాళ్ళు తవ్విన రోజు కూడా నాకంత భయం వేయలేదు. అవ్వ అందరి మాటలూ విని, చాప దులిపి, ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పన్నెండింటికి మా గుమ్మంలో నిలబడి, "అమ్మేశాను లాస్దీ," అంది.

నాకు అర్థం కాలేదు.

"ఇల్లంతా హర్తోనోకి. వేలిముద్ర వేసొచ్చాను. నా ఇల్లు చూపించేగా మిమ్మల్ని బేరమాడుతున్నారు. ఇప్పుడు ఇల్లు లేదు. ఇక ఆ కాగితంతో ఏం పని?"

"ఎంత పని చేశావు అవ్వా. ఒక్క మాట చెప్పకూడదా?"

"చెబితే వద్దంటారు. ఆ పిల్ల సుర్తీ నిన్న నా మొహం వంకే చూడలేదు. చూస్తే నేనెక్కడ ఏడుస్తానోనని. అది చూశాక ఆ ఇంట్లో నాకు నిద్రెక్కడిది?"

నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. అవ్వ నా తల నిమిరింది. తర్వాత ఆ కాగితాన్ని ఆవిడ ముందే చింపి పొయ్యిలో వేశాను.

అవ్వ సామాను మోయడానికి సందంతా వచ్చింది. నానబెట్టే గంగాళాలు, వెదురు తడికెలు, ఆకుల కట్టలు బురదలో తొక్కుకుంటూ రత్మీ ఇంటికి చేర్చాం. నిన్న తిట్టుకున్నవాళ్ళు ఇవాళ ఒకే గంగాళం చెరో వైపు పట్టుకున్నారు. దర్మాజీ పంతులు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "స్టేషన్‌కి పోదాం పదండి," అన్నాడు. మొదట ఆ మాట అన్నది ఆయనే.

వెళ్ళాం. నలభై ఒక్క ఇళ్ళవాళ్ళం. లోపల చోటు చాలక సగం మంది ఎండలో నిలబడ్డారు.

"ఏం కావాలి?" అన్నాడు రైటరు.

"గియాత్ ఒక్కడే తవ్వాడని రాసుకున్నారట," అంది అవ్వ. "తప్పు రాశారు. నేనూ తవ్వాను. నా పేరు కూడా రాయండి."

రైటరు విసుగ్గా పెన్ను తీశాడు. "పేరు?"

"కాసిరా."

"ఇంటి నెంబరు?"

అవ్వ పెదవులు కదిలాయి. నలభై ఏళ్ళు అలవాటైన అంకె ఇక ఆవిడది కాదు.

"నాలుగు," అంది వెనక నుంచి రత్మీ. "మా ఇల్లు."

"పదకొండు," అంది సుర్తీ. "మా ఇంట్లోనే ఉంటుంది."

"ఇరవై రెండు," అన్నాడు దర్మాజీ.

బయట ఎండలో ఉన్నవాళ్ళకు ఏం జరుగుతోందో ఒకరి నుంచి ఒకరికి చేరినట్టుంది. కిటికీలోంచి అంకెలు వస్తూనే ఉన్నాయి. ముప్పై. ఆరు. పంతొమ్మిది. రైటరు ఏది రాయాలో తెలీక పెన్ను పట్టుకుని మా వంక చూస్తున్నాడు.

అవ్వ కళ్ళు తుడుచుకుని బల్ల ముందున్న కుర్చీలో కూర్చుంది. "అన్నీ రాయి బాబూ," అంది. "మేం ఎక్కడికీ పోం."