నిస్తోర్ తల్లి పేరున పిండి

"'చనిపోయిన మీ అమ్మను దేవుడు క్షమించు గాక' అనవే. గట్టిగా అను," అన్నాడు నిస్తోర్.

అతని వాకిట్లో పిండి సంచి కోసం చేతులు చాచి ఔరిక అత్త ఆ మాట అంది. ప్రూట్ నది వరదలో ఇల్లు కూలి, ముగ్గురు పిల్లలతో గొడ్లపాకలో ఉంటోంది ఆమె. ప్రతి సంచికీ, చచ్చినవాళ్ల పేరున పెట్టేదానికి గుర్తుగా, ఒక కొవ్వొత్తి కట్టి ఉంది.

"రేపు పొద్దున్నే చక్కెర దుంపల చేలో కలుపు. పిల్లల్నీ తీసుకురా."

"కూలి ఎంతిస్తారయ్యా?"

"మా అమ్మ పేరున తిండి పుచ్చుకుని నన్నే కూలి అడుగుతావా?"

ఔరిక అత్త తల దించుకుంది. మా ఊళ్లో చచ్చినవాళ్ల పేరున పెట్టింది తీసుకుంటే, వాళ్లు పోయిన ఏడాదికి చేసే ప్రార్థన అయ్యేదాకా ఆ ఇంటితో తగువు పడకూడదు. ఊరి భూమంతా కౌలుకు పట్టిన నిస్తోర్‌కు ఆ సంగతి బాగా తెలుసు. వరుసలో ఉన్న సగం ఊరూ తలదించుకుంది.

ఆ కొవ్వొత్తులు కట్టింది నేను. మా అమ్మ నిస్తోర్ వంటింట్లో పని చేస్తుంది. పిండి లారీ వెంట పట్నం నుంచి వచ్చిన కుట్టుమిల్లు కార్మికురాలికి సూప్ పోసిందీ నేనే. "మిల్లులో ఆడవాళ్లమంతా కూలి డబ్బుల్లోంచి తీసి కొన్నాం పిల్లా. వరదలో మునిగినవాళ్లకి ఊరికే ఇవ్వండి," అందామె. నిస్తోర్ తలూపాడు. లారీ మలుపు తిరగ్గానే కొవ్వొత్తులు తెప్పించాడు. మా ఇంటికి ముందే రెండు సంచులు పంపాడు. ఆ రొట్టె నేను తిన్నాను. నోరు మెదపలేదు.

సాయంత్రం గొడ్లపాకలో అందరూ చేరారు.

"రేపు చేలోకి ఎవరమూ పోవద్దు," అంది ఔరిక అత్త.

"పాపం తగుల్తుందే," అన్నాడు తోదేర్ తాత. "ఆ ముసలమ్మ పేరున తిన్నాం."

"మరి పిల్లలు చేలో పడి చస్తే, వాళ్ల పేరునా తింటావా తాతా?"

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. విడిపించుకున్నాను.

"అది ఆయన పిండి కాదు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"గట్టిగా చెప్పవే కీవా!" వెనకనుంచి ఎవరో అరిచారు.

లారీ సంగతంతా చెప్పాను.

"తెలిసే కట్టావా కొవ్వొత్తులు?" అంది ఔరిక అత్త.

"తెలిసే."

ఆమె నన్ను కొట్టి ఉంటే బాగుండేది. "ఆదివారం మీ ఇంట్లో రొట్టె వాసనకి మా చిన్నోడు మీ కంచె పట్టుకుని నిలబడ్డాడే," అంది, అంతే.

తోదేర్ తాత టోపీ తీసి నేలకు కొట్టాడు. "మన ప్రార్థనలతో ఆ ముసలిది స్వర్గానికి పోతే పోనీ. మిగిలిన పిండి మాత్రం నిస్తోర్ గోదాంలోంచి బయటికి రావాలి!"

పొద్దున చేలో ఒక్క పార లేదు. ఊరంతా గోదాం ముందుంది. "మీ అమ్మకి నువ్వే పెట్టుకో. మా పిండి మాకియ్యి!" అన్నాం నిస్తోర్‌తో. ఆయన తియ్యనంటే తలుపు మేమే తీశాం. పంచుతుండగా పోలీసులొచ్చారు. దొంగతనమంటూ ఔరిక అత్తను జీపెక్కించారు.

"చెప్పింది నేను! నన్నూ తీసుకుపోండి!" ఏడుస్తూ జీపు పట్టుకున్నాను.

"ఏడుపు తర్వాత. ముందు పంచు," అంది ఔరిక అత్త.

పంచాను. మా ఇంట్లో మిగిలిన సంచి అమ్మే మోసుకొచ్చి అక్కడ దింపింది. ఆ తర్వాత ఔరిక అత్త పిల్లల్ని ఎత్తుకుని, అందరం ఠాణాకు నడిచి గుమ్మం ముందు కూర్చున్నాం.

"ఇళ్లకు పొండి!" అరిచాడు పోలీసు.

"ఆమెను పంపు, పోతాం."

నన్ను క్షమించామని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. చిన్నోడు నా ఒళ్లో నిద్రపోయాడు. అవతల దుంపల చేలో కలుపు పెరుగుతోంది.

పెరగనీ.